‘వరకు’ వేరు, ‘కల్లా’ వేరు: ఇంగ్లీషులో కాలాన్ని చెప్పే చిన్న మాటలు



మన విచారణలలోని యువతీ యువకులు ఇంగ్లీషులో వ్రాసే దరఖాస్తులు, సెలవు చీటీలు, ఇ-మెయిళ్ళు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పెద్ద పెద్ద మాటలు వారికి బాగానే వస్తాయి. ‘ఎలిజిబిలిటీ’, ‘ఎక్స్‌పీరియన్స్’, ‘సర్టిఫికెట్’ వంటివి తడుముకోకుండా వ్రాస్తారు. చిక్కంతా రెండు మూడు అక్షరాల చిన్న మాటల దగ్గర వస్తుంది. ‘ఎట్’, ‘ఆన్’, ‘ఇన్’, ‘బై’, ‘టిల్’, ‘ఫర్’, ‘సిన్స్’ వంటి ఈ మాటలు నామవాచకానికి ముందు నిలిచి, దానికి వాక్యంలోని మిగతా మాటలతో సంబంధం కలుపుతాయి. వీటినే ప్రిపొజిషన్లు అంటారు. ఈ వారం పాఠంలో కాలాన్ని చెప్పే ప్రిపొజిషన్లను మాత్రమే తీసుకుందాం.

చిన్న మాటలే గదా అని వీటిని తేలికగా తీసుకోరాదు. కళాశాల ప్రకటనలోని గడువును తప్పుగా చదివితే ఒక విద్యా సంవత్సరం పోతుంది. ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న రోగికి ‘ఆరింటి వరకు ఏమీ పెట్టవద్దు’ అని డాక్టరు వ్రాసినదాన్ని ‘ఆరింటికల్లా పెట్టండి’ అని నర్సు అర్థం చేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మన ఆడపిల్లలు ఎందరో నర్సింగు చదివి ఇతర రాష్ట్రాలకు, ఇతర దేశాలకు వెళ్తున్నారు. వారి పనిలో రోజంతా గడియారమే, రోజంతా ఇంగ్లీషే. కాబట్టి ఈ పాఠం పరీక్ష మార్కుల కోసం మాత్రమే కాదు.

ఒక సూచన. ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. బిగ్గరగా చదువుకోవడానికి అది సులువు. చదివిన తరువాత వాటిని నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసుకోండి. చెవికీ చేతికీ రెండింటికీ అభ్యాసం అవుతుంది.

1. మన ప్రత్యయాలు, వారి ప్రిపొజిషన్లు

ఇంగ్లీషులో సంబంధం చెప్పే మాట నామవాచకానికి ముందు నిలుస్తుంది. తెలుగులో అది వెనుక చేరుతుంది. ‘ఆరు గంటలకు’ అన్నప్పుడు ‘కు’ వెనుక ఉంది. ‘ఎట్ సిక్స్’ అన్నప్పుడు ‘ఎట్’ ముందు ఉంది. ఈ తేడా అందరికీ తెలిసినదే.

అసలు తేడా మరొకటి ఉంది. మన ప్రత్యయం ఒక్కటే అయినా, అది ఏ మాటకు చేరిందన్నదాన్ని బట్టి ఇంగ్లీషులో వేరు వేరు మాటలు కావలసి వస్తాయి. ‘ఆరు గంటలకు రండి’ అంటే సరిగ్గా ఆ గడియకే రమ్మని. ఇక్కడ ‘కు’ అంటే ‘ఎట్’. ‘ఆదివారానికి బట్టలు కుట్టి ఇవ్వండి’ అని దర్జీతో అంటే ఆదివారం దాటకూడదని. ఇక్కడ అదే ‘కి’ అంటే ‘బై’. ‘పండక్కి ఇంటికి వస్తాను’ అంటే పండుగ కోసం వస్తానని. ఇక్కడ ‘ఫర్’ వాడాలి. చూశారా! ఒకే ప్రత్యయం, మూడు ఇంగ్లీషు మాటలు.

కాబట్టి ‘కి’ని ఇంగ్లీషులో ఏమంటారు, ‘లో’ని ఏమంటారు అని పట్టిక తయారు చేసుకుంటే ఉపయోగం లేదు. మనం చెప్పదలచుకున్న కాలం ఎటువంటిదో ముందు చూసుకోవాలి. అది గడియారంలోని ఒక క్షణమా? క్యాలెండరులోని ఒక రోజా? నెల, సంవత్సరం వంటి పెద్ద కాలమా? ఒక గడువా? ఏదైనా మొదలైన సమయమా? జరిగినంత సేపా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ప్రిపొజిషన్ దానంతట అదే దొరుకుతుంది.

2. క్షణానికి ‘ఎట్’, రోజుకు ‘ఆన్’, పెద్ద కాలానికి ‘ఇన్’

మొదట అందరూ బడిలో చదివిన మూడు మాటలు.

గడియారం చూపే సమయానికి ‘ఎట్’ వాడాలి. త్రికాల జపాన్ని తీసుకోండి. ‘ది బెల్ రింగ్స్ ఎట్ సిక్స్ ఇన్ ది మార్నింగ్, ఎట్ నూన్ అండ్ ఎట్ సిక్స్ ఇన్ ది ఈవినింగ్.’ మధ్యాహ్నం పన్నెండుకు ‘ఎట్ నూన్’, అర్ధరాత్రికి ‘ఎట్ మిడ్‌నైట్’, తెల్లవారుజామున అంటే ‘ఎట్ డాన్’.

రోజుకు, తేదీకి ‘ఆన్’ వాడాలి. ‘ఆన్ సండే’, ‘ఆన్ విభూది బుధవారం’ అన్నమాట. అంటే ‘ఆన్ యాష్ వెన్స్‌డే’. ‘మదర్ తెరెసా వాజ్ కెననైజ్డ్ ఆన్ 4 సెప్టెంబర్ 2016.’ మదర్ తెరెసాను ఆ రోజున పునీతురాలిగా ప్రకటించారు.

నెలకు, సంవత్సరానికి, ఋతువుకు, శతాబ్దానికి ‘ఇన్’ వాడాలి. ‘ఇన్ ఫిబ్రవరి’, ‘ఇన్ 1986’, ‘ఇన్ సమ్మర్’. ‘పోప్ జాన్ పాల్ ది సెకండ్ విజిటెడ్ ఇండియా ఇన్ 1986 అండ్ అగైన్ ఇన్ 1999.’

మూడూ ఒకే వాక్యంలో వచ్చే సందర్భం చూద్దాం. జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపు గారు 2025 ఏప్రిల్ 21న, ఈస్టర్ మరునాడైన సోమవారం, ఉదయం 7.35కు ప్రభువునందు నిద్రించారు. ఇంగ్లీషులో: ‘పోప్ ఫ్రాన్సిస్ డైడ్ ఎట్ 7.35 ఇన్ ది మార్నింగ్ ఆన్ ఈస్టర్ మండే.’ 7.35 గడియారం చెప్పింది కనుక ‘ఎట్’. సోమవారం రోజు కనుక ‘ఆన్’. ఉదయం కొన్ని గంటల కాలం కనుక ‘ఇన్’.

ఇక్కడ తెలుగు మనకు కొంత సాయం చేస్తుంది. 7.35‘కు’, 21‘న’, ఏప్రిల్‌‘లో’ అన్నాం గదా. గడియారంతో ‘కు’, తేదీతో ‘న’, నెలతో ‘లో’ మనం సహజంగానే అంటాం. అవే ‘ఎట్’, ‘ఆన్’, ‘ఇన్’. చిక్కు ఎక్కడ వస్తుందంటే, తెలుగులో ప్రత్యయం లేని చోట. ‘ఆదివారం వస్తాను’, ‘ఉదయం వస్తాను’, ‘రాత్రి వస్తాను’ అంటాం. ఏ ప్రత్యయమూ లేదు. అందుకే మన పిల్లలు ‘ఐ విల్ కమ్ సండే’ అని వ్రాస్తారు. ఇంగ్లీషులో ఇక్కడ ‘ఆన్ సండే’, ‘ఇన్ ది మార్నింగ్’, ‘ఎట్ నైట్’ అనడమే పద్ధతి. ‘నైట్’కు మాత్రం ‘ఎట్’ ఎందుకంటే, అది ఆ భాషలో స్థిరపడిన వాడుక. ప్రశ్నించకుండా నేర్చుకోవాలి.

మరి నాలుగు సంగతులు జ్ఞాపకముంచుకోండి.

మొదటిది: ఉదయం, సాయంత్రం వంటి మాటలకు రోజు పేరు తోడైతే ‘ఇన్’ పోయి ‘ఆన్’ వస్తుంది. ‘ఇన్ ది మార్నింగ్’ అంటాం గాని, ఆదివారం ఉదయాన్ని ‘ఆన్ సండే మార్నింగ్’ అనాలి. డిసెంబర్ 24 రాత్రి ‘ఆన్ ది నైట్ ఆఫ్ 24 డిసెంబర్’.

రెండవది: పండుగ రోజు వేరు, పండుగ సమయం వేరు. ‘ఆన్ క్రిస్మస్ డే’ అంటే డిసెంబర్ 25 ఒక్కరోజే. ‘ఎట్ క్రిస్మస్’ అంటే ఆ పండుగ నాలుగు రోజులూ. ‘ఐ విల్ బి ఎట్ హోమ్ ఎట్ క్రిస్మస్’ అని వ్రాసిన అబ్బాయి 25వ తేదీకే వస్తాడని తల్లి అనుకోనక్కరలేదు. 23న రావచ్చు, 27న రావచ్చు. ఆ రోజున తప్పక ఉంటానని చెప్పాలంటే ‘ఆన్ క్రిస్మస్ డే’ అనాలి.

మూడవది: ‘నెక్స్ట్’, ‘లాస్ట్’, ‘దిస్’, ‘ఎవ్రీ’ అనే మాటలు ముందుంటే ప్రిపొజిషన్ వద్దు. ‘నెక్స్ట్ సండే’ చాలు, ‘ఆన్ నెక్స్ట్ సండే’ అనవద్దు. ‘టుడే’, ‘టుమారో’, ‘యెస్టర్‌డే’లకు కూడా అంతే. ఇక్కడ తెలుగు పద్ధతే ఇంగ్లీషు పద్ధతి.

నాలుగవది: వారాంతాన్ని బ్రిటిషు వారు ‘ఎట్ ది వీకెండ్’ అంటారు, అమెరికా వారు ‘ఆన్ ది వీకెండ్’ అంటారు. రెండూ సరైనవే. అమెరికాలోని బంధువు వ్రాసినదాన్ని తప్పని దిద్దవద్దు.

ఈ మూడు మాటలలో తప్పు జరిగితే సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. ‘ఇన్ సండే’ అన్నా వినేవారికి అర్థమవుతుంది, చెవికి కాస్త కటువుగా ఉంటుంది, అంతే. ఇకముందు చెప్పబోయే మాటలు అటువంటివి కావు. వాటిలో తప్పు చేస్తే వాక్యం చక్కగానే కనిపిస్తుంది, కాని అర్థం మారిపోతుంది. తప్పు చేశామని ఎవరికీ తెలియదు. అందుకే మీ శ్రమలో ఎక్కువ భాగం వీటి మీద పెట్టండి.

3. ‘బై’, ‘టిల్’: కల్లా, వరకు

చాలామంది ఈ రెంటినీ కలగలుపుతారు. నిజానికి తెలుగువారికి ఇది కష్టం కాకూడదు. ఈ తేడా మన భాషలో స్పష్టంగా ఉంది. ‘ఆరింటికల్లా వంట చేయి’ అన్నదానికి, ‘ఆరింటి వరకు వంట చేయి’ అన్నదానికి తేడా తెలియని ఇల్లాలు లేదు. మొదటిదానిలో పని ఆరు గంటలకు ముందే ముగియాలి, ఎప్పుడు మొదలుపెట్టినా ఫరవాలేదు. రెండవదానిలో పని ఆరు గంటలు కొట్టేదాకా సాగుతూనే ఉండాలి.

‘కల్లా, లోగా, లోపు’ అన్న చోట ‘బై’.
‘వరకు, దాకా’ అన్న చోట ‘టిల్’ లేదా ‘అన్‌టిల్’.

ఆస్పత్రిలో ఈ రెండు వాక్యాలు చూడండి. ‘ది డ్రిప్ షుడ్ ఫినిష్ బై సిక్స్.’ ఆరింటికల్లా సెలైను అయిపోవాలి. ‘ది డ్రిప్ షుడ్ రన్ టిల్ సిక్స్.’ ఆరింటి దాకా ఎక్కుతూనే ఉండాలి. క్రియలను కూడా గమనించండి. ముగిసే పనికి ‘బై’ తోడు వస్తుంది: ఫినిష్, సబ్‌మిట్, రీచ్, పే, రిటర్న్. సాగే పనికి ‘టిల్’ తోడు వస్తుంది: వెయిట్, స్టే, రన్, వర్క్, స్లీప్.

‘వద్దు’ అనే మాటతో ‘టిల్’ వస్తే మరింత జాగ్రత్త. ‘డు నాట్ గివ్ ఫుడ్ టిల్ సిక్స్.’ ఆరు వరకు పెట్టవద్దు. ఇక్కడ సాగుతున్నది పెట్టకపోవడం. ఆరు దాటిన తరువాత ఆ నిషేధం ఉండదు.

ఇప్పుడు దరఖాస్తుల సంగతి. ‘అప్లికేషన్స్ విల్ బి యాక్సెప్టెడ్ టిల్ 10 జూన్’ అని ఒక ప్రకటన ఉంటుంది. ‘అప్లికేషన్స్ మస్ట్ రీచ్ ది ఆఫీస్ బై 10 జూన్’ అని మరొకటి ఉంటుంది. రెండింటిలోనూ తేదీ ఒకటే. ఒకచోట ‘టిల్’, మరొకచోట ‘బై’ ఎందుకు? మొదటి వాక్యం ఆఫీసు వైపు నుంచి చెప్పింది: వారు ఆ రోజు దాకా తీసుకుంటూనే ఉంటారు. రెండవది మన వైపు నుంచి చెప్పింది: మనది ఆ రోజుకల్లా చేరి తీరాలి. అందుకే విచారణ గురువులకు జ్ఞానస్నాన ధృవపత్రం కోసం వ్రాసేటప్పుడు ‘ఐ నీడ్ ది సర్టిఫికెట్ టిల్ 10 జూన్’ అని వ్రాయకూడదు. అలా వ్రాస్తే, ‘10వ తేదీ దాకా నా దగ్గర ఉంచుకుంటాను, తరువాత అక్కరలేదు’ అని అర్థం వస్తుంది. ‘ఐ నీడ్ ది సర్టిఫికెట్ బై 10 జూన్’ అనాలి.

రెండవ ప్రకటనలో మరో మాట ఉంది చూడండి: ‘రీచ్’. పదో తేదీకల్లా చేరాలి అన్నారు గాని, పోస్టు చేయాలి అనలేదు. పదో తేదీన పోస్టు డబ్బాలో వేసినవారి దరఖాస్తు గడువు దాటినట్టే.

4. ‘సిన్స్’, ‘ఫర్’: మొదలు, కొలత

‘రెండేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను.’ ‘జూన్ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను.’ తెలుగులో రెండింటికీ ‘నుంచి’యే. అందువల్ల మనవారు రెండింటికీ ‘సిన్స్’ వాడి, ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అంటారు. ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటి తప్పు ‘సిన్స్’. పని మొదలైన సమయాన్ని చెబితేనే ‘సిన్స్’ వాడాలి: సిన్స్ జూన్, సిన్స్ మండే, సిన్స్ ఈస్టర్. ఎంత కాలమైందో కొలత చెబితే ‘ఫర్’ వాడాలి: ఫర్ టూ ఇయర్స్, ఫర్ త్రీ డేస్. తెలుగులో గుర్తు పట్టడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్ళుగా పనిచేస్తున్నాను’ అంటే చక్కగా ఉంది, కనుక ‘ఫర్’. ‘జూన్‌గా పనిచేస్తున్నాను’ అంటే నవ్వొస్తుంది, కనుక ‘సిన్స్’.

రెండవ తప్పు క్రియలో ఉంది. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘యామ్ వర్కింగ్’ సరిపోదు. ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అనాలి. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’, ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ జూన్.’

ఉద్యోగ దరఖాస్తులో ఇది ఎంత ముఖ్యమో చూడండి. ‘ఐ వర్క్‌డ్ ఇన్ ఎ హాస్పిటల్ ఫర్ టూ ఇయర్స్’ అని వ్రాస్తే, ఆ పని మానేశారని అర్థం. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్’ అంటే ఇంకా అక్కడే ఉన్నారని అర్థం. ఉద్యోగంలో ఉంటూనే మొదటి వాక్యం వ్రాసిన అమ్మాయిని, మధ్యలో ఖాళీగా ఎందుకున్నావని ఇంటర్వ్యూలో అడుగుతారు.

మొదలూ చివరా రెండూ చెప్పాలంటే ‘ఫ్రమ్, టు’ వాడాలి. ‘ఫ్రాన్సిస్ వాజ్ పోప్ ఫ్రమ్ 2013 టు 2025.’ ఎంతకాలమో చెప్పాలంటే ‘ఫర్ ట్వెల్వ్ ఇయర్స్’. ఆ తరువాత 2025 మే 8న 14వ లియో పోపు గారు ఎన్నికయ్యారు. ‘లియో హ్యాజ్ బీన్ పోప్ సిన్స్ 8 మే 2025.’

సెలవు చీటీలో ‘ఫ్రమ్ 9 టు 11 ఫిబ్రవరి’ అని వ్రాస్తే మూడు రోజుల సెలవు. గుణదల మాత ఉత్సవాలు కూడా ఏటా ఈ మూడు రోజులే జరుగుతాయి. కొందరు అధికారులు 11వ తేదీ సెలవులో చేరుతుందా లేదా అని ప్రశ్నిస్తారు. ఆ సందేహం రాకుండా ‘బోత్ డేస్ ఇన్‌క్లూసివ్’ అని చేర్చడం మన కార్యాలయాల ఆచారం. అమెరికా వారు దీనినే ‘9 త్రూ 11 ఫిబ్రవరి’ వంటి మాటలతో చెబుతారు. ‘త్రూ’ అంటే చివరి రోజు కూడా చేరుతుందని.

5. ‘ఇన్’, ‘వితిన్’, ‘ఆఫ్టర్’, ‘ఎగో’

‘పది నిమిషాల్లో డాక్టరు గారు వస్తారు’ అని తెలుగులో అంటే, పదిలోపు ఎప్పుడైనా రావచ్చని కూడా అనుకుంటాం. ఇంగ్లీషులో ‘ది డాక్టర్ విల్ కమ్ ఇన్ టెన్ మినిట్స్’ అంటే పది నిమిషాలు గడిచేసరికి వస్తారని. పదిలోపే ఎప్పుడైనా అని చెప్పాలంటే ‘వితిన్ టెన్ మినిట్స్’ అనాలి. ‘రిప్లై వితిన్ సెవెన్ డేస్’ అని ఉత్తరం వస్తే ఏడు రోజులు కూర్చుని ఎనిమిదో రోజు జవాబు వ్రాయడం కాదు. మొదటి రోజే వ్రాయవచ్చు, ఏడవ రోజు మాత్రం దాటరాదు.

మనవారు ‘రెండు రోజుల తరువాత వస్తాను’ అన్నదాన్ని ‘ఐ విల్ కమ్ ఆఫ్టర్ టూ డేస్’ అంటారు. ఇప్పటి నుంచి లెక్కపెట్టేటప్పుడు ‘ఇన్ టూ డేస్’ అనడం మేలు. ఏదైనా సంఘటన తరువాత అనడానికి ‘ఆఫ్టర్’ వాడండి: ఆఫ్టర్ మాస్, ఆఫ్టర్ ఈస్టర్, ఆఫ్టర్ ది ఆపరేషన్.

అలాగే ‘రెండేళ్ళ క్రితం’ అన్నదానికి ‘టూ ఇయర్స్ బిఫోర్’ అని వ్రాస్తుంటారు. ఇప్పటి నుంచి వెనక్కు లెక్కపెడితే ‘టూ ఇయర్స్ ఎగో’ అనాలి. ‘బిఫోర్’కు మరో సంఘటన తోడు కావాలి: ‘టూ ఇయర్స్ బిఫోర్ మై మ్యారేజ్’, అంటే నా వివాహానికి రెండేళ్ళ ముందు. తెలుగులో ‘క్రితం’, ‘ముందు’ అని మనం చూపే తేడాయే ఇది.

6. ‘డ్యూరింగ్’, ‘ఫర్’, ‘ఆన్ టైమ్’, ‘ఇన్ టైమ్’

‘డ్యూరింగ్’ మాట ‘ఎప్పుడు?’ అన్న ప్రశ్నకు జవాబు. ‘ఫర్’ మాట ‘ఎంత కాలం?’ అన్న ప్రశ్నకు జవాబు. ‘వి డు నాట్ ఈట్ మీట్ డ్యూరింగ్ లెంట్’ అంటే తపస్సుకాలంలో మాంసం తినమని. ‘డ్యూరింగ్ టెన్ డేస్’ అనకూడదు, ‘ఫర్ టెన్ డేస్’ అనాలి.

‘ఆన్ టైమ్’ అంటే చెప్పిన సమయానికి సరిగ్గా. ‘ఇన్ టైమ్’ అంటే ఆలస్యం కాకముందే. దివ్యబలిపూజ ఆరు గంటలకని ప్రకటించి ఆరు గంటలకే ప్రారంభిస్తే అది ‘ఆన్ టైమ్’. మనం ఐదూ ముప్పావుకే గుడికి చేరితే ‘ఇన్ టైమ్ ఫర్ మాస్’.

7. ఒకే సంఘటన, అనేక మాటలు

నేర్చుకున్నదంతా ఒకచోట చూసుకోవడానికి రెండవ వాటికన్ మహాసభను తీసుకుందాం. అది 1962 అక్టోబర్ 11న ప్రారంభమై 1965 డిసెంబర్ 8న ముగిసింది. మన మాతృభాషలో పూజ వినే భాగ్యం ఆ మహాసభ సంస్కరణల వల్లనే కలిగింది.

‘ది కౌన్సిల్ బిగాన్ ఇన్ 1962.’ సంవత్సరం, కనుక ‘ఇన్’.
‘ఇట్ ఓపెన్డ్ ఆన్ 11 అక్టోబర్.’ తేదీ, కనుక ‘ఆన్’.
‘ఇట్ కంటిన్యూడ్ టిల్ 8 డిసెంబర్ 1965.’ ఆ రోజు దాకా సాగింది, కనుక ‘టిల్’.
‘ఇట్ లాస్టెడ్ ఫర్ మోర్ దాన్ త్రీ ఇయర్స్.’ కొలత, కనుక ‘ఫర్’.
‘పోప్ జాన్ ది ట్వెంటీ థర్డ్ డైడ్ బిఫోర్ ది సెకండ్ సెషన్.’ రెండవ సమావేశానికి ముందు, 1963 జూన్ 3న ఆయన మరణించారు. సంఘటన తోడుంది, కనుక ‘బిఫోర్’.
‘బై ది ఎండ్, ది కౌన్సిల్ హ్యాడ్ ఇష్యూడ్ సిక్స్‌టీన్ డాక్యుమెంట్స్.’ ముగిసేనాటికల్లా పదహారు పత్రాలు వెలువడ్డాయి, కనుక ‘బై’.

ఇదే విధంగా మీ విచారణ దేవాలయ చరిత్రను ఆరు వాక్యాలలో వ్రాయడానికి ప్రయత్నించండి. శంకుస్థాపన, ప్రతిష్ఠ, జూబిలీ తేదీలు దేవాలయ గోడమీద శిలాఫలకం పైనే ఉంటాయి.

8. అభ్యాసం

ఖాళీలను సరైన మాటతో పూరించండి. జవాబులు చివర ఉన్నాయి. ముందే చూడవద్దు.

1) ఈస్టర్ ఆల్వేస్ ఫాల్స్ —— ఎ సండే.
2) ఇట్ కమ్స్ —— మార్చ్ ఆర్ ఏప్రిల్.
3) ప్లీజ్ రిటర్న్ ది బుక్ —— ఫ్రైడే. (శుక్రవారం దాటరాదు)
4) ప్లీజ్ వెయిట్ హియర్ —— ఫైవ్ ఓక్లాక్. (అయిదు దాకా)
5) మై మదర్ హ్యాజ్ బీన్ ఇల్ —— త్రీ డేస్.
6) మై మదర్ హ్యాజ్ బీన్ ఇల్ —— మండే.
7) ది క్వయర్ విల్ మీట్ —— సాటర్‌డే ఈవినింగ్.
8) పే ది ఫీజ్ —— సెవెన్ డేస్. (ఏడు రోజుల లోపు ఎప్పుడైనా)
9) ఐ లెఫ్ట్ స్కూల్ టూ ఇయర్స్ ——. (క్రితం)
10) ది ప్రీస్ట్ విల్ విజిట్ అస్ —— నెక్స్ట్ థర్స్‌డే.

జవాబులు: 1) ఆన్. 2) ఇన్. 3) బై. 4) టిల్. 5) ఫర్. 6) సిన్స్. 7) ఆన్. రోజు పేరు ఉంది గనుక ‘ఇన్’ కాదు. 8) వితిన్. 9) ఎగో. 10) ఏదీ అక్కరలేదు. ‘నెక్స్ట్’ ఉంది.

తొమ్మిది, పది వచ్చినవారు ధైర్యంగా దరఖాస్తులు వ్రాయవచ్చు. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిదిలో ఏ ఒక్కటి తప్పినా సంబంధించిన భాగాన్ని మళ్ళీ చదవండి. అర్థం మారిపోయేది ఆ చోట్లనే అని పైన చెప్పుకున్నాం.

చివరగా ఒక మాట. ఇంగ్లీషు రాదని దిగులుపడేవారు తమ తెలుగును తక్కువ చేసుకుంటారు. ఈ పాఠంలో చూశారు గదా, ‘కల్లా’కు ‘వరకు’కు, ‘క్రితం’కు ‘ముందు’కు, ‘నుంచి’కి ‘గా’కు ఉన్న తేడా మన అమ్మమ్మలు తప్పు లేకుండా పాటించినదే. ఇంగ్లీషులో ఉత్తరం వ్రాసే ముందు చెప్పదలచుకున్నది మంచి తెలుగులో ఒకసారి పైకి అనుకోండి. ‘పదో తేదీకి పంపుతాను’ అని ఊరుకోకుండా, ‘పదో తేదీకల్లా మీకు చేరేటట్టు పంపుతాను’ అని పూర్తిగా అనండి. తెలుగులో మాట తేటగా ఉంటే ఇంగ్లీషులో సగం పని అయినట్టే.

పైగా సమయం చెప్పడమంటే మాట ఇవ్వడమే. ‘బై ఫ్రైడే’ అని వ్రాసినవారు శుక్రవారం దాటనివ్వకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లుండాలని ప్రభువు మనకు నేర్పారు. ప్రిపొజిషన్ సరిగా వ్రాయడం పాఠం నేర్పుతుంది. వ్రాసిన సమయానికి నిలబడడం మన వంతు.